ఒకే ద్రాక్ష, మూడు నేలలు: వైన్ రుచిలో తేడా పట్టుకోవడం ఎలా?

వైన్ సీసా వెనక "గ్రానైట్ నేలల్లో పండిన ద్రాక్ష", "సున్నపురాయి ఇచ్చిన సొగసు" లాంటి మాటలు కనిపించగానే చాలామంది గ్లాసులో రాయి కోసం వెతుకుతారు. రాయి దొరకదు. దొరకలేదని కొందరు నిరాశపడతారు, ఇంకొందరు దొరికినట్టు నటిస్తారు. నేల ప్రభావం మాత్రం వైన్‌లో నిజంగానే ఉంటుంది. అది వాసనలో కన్నా పులుపులో, వగరులో, నోట్లో తెలిసే బరువులో, మింగాక రుచి ఎంతసేపు నిలిచిందన్న దానిలో ఎక్కువగా ఉంటుంది. దాన్ని పట్టుకోవడానికి గొప్ప నాలుక అక్కర్లేదు. సీసాలు సరిగ్గా ఎంచుకోవాలి, పోలిక న్యాయంగా చేయాలి. ఈ రెండూ కుదిరితే ఒక సాయంత్రంలో మీ అంతట మీరే తేల్చుకోవచ్చు.

దీనికి ఒక్కరే కూర్చోవడం కన్నా ఐదారుగురు స్నేహితులు కలవడం మేలు. ఖర్చు పంచుకోవచ్చు, మనసులో ఉన్నది పైకి అనాల్సి వస్తుంది కాబట్టి శ్రద్ధ కూడా పెరుగుతుంది. తెలుగు రాష్ట్రాల్లో మద్యం కొనడానికి 21 ఏళ్లు నిండాలి. ఆ రోజు బండి తోలే పని ఎవరికీ పెట్టకండి.

నేల ఏం చేస్తుంది, ఏం చేయదు

సీసాలు కొనే ముందు ఈ సంగతి తేల్చుకోవాలి. లేకపోతే దేనికోసం వెతుకుతున్నామో తెలియకుండానే తాగేస్తాం.

మామూలు రాయికి వాసన లేదు. ఖనిజాలు మామూలు వేడిలో ఆవిరి కావు, ఆవిరి కానిది ముక్కుదాకా రాదు. తీగ వేళ్లు పొటాషియం, కాల్షియం, మెగ్నీషియం లాంటివి నీళ్లలో కరిగిన రూపంలో పీల్చుకుంటాయి గానీ, వాటిలో వైన్ దాకా చేరేది సాధారణంగా నాలుకకు తెలిసేంత ఉండదు. బ్రిటన్‌కు చెందిన భూగర్భ శాస్త్రవేత్త అలెక్స్ మాల్ట్‌మన్ చాలాకాలంగా ఈ మాట చెబుతూ వచ్చారు. ఆయన ఈ విషయం మీద 2018లో ఒక పుస్తకమే రాశారు. రాయి రుచి తీగలోంచి గ్లాసులోకి నడిచొస్తుందన్న ఊహకు ఆధారం లేదని ఆయన వాదన. నాకూ అదే సరైనదనిపిస్తుంది.

మరి తొలకరి వానకు వచ్చే మట్టి వాసన సంగతేమిటని అడగొచ్చు. ఆ వాసనకు ముఖ్య కారణాల్లో ఒకటి జియోస్మిన్. దాన్ని తయారుచేసేది మట్టిలోని సూక్ష్మజీవులు, రాళ్లు కాదు. అదే జియోస్మిన్ వైన్‌లోకి వస్తే లోపం కింద లెక్క. బూజు పట్టిన గుత్తులు కలిసినప్పుడు బీట్‌రూట్, తడిమట్టి కలిసినట్టు వాసన కొడుతుంది. కాబట్టి గ్లాసులో మట్టి వాసన గుప్పుమంటే నేలను మెచ్చుకోవద్దు, సీసాను అనుమానించండి. చెకుముకి రాయి గీసినట్టు, అగ్గిపుల్ల వెలిగించినట్టు వచ్చే వాసన కూడా అంతే. అది చాలావరకు పులిసేటప్పుడు ఈస్ట్ తయారుచేసే గంధక సమ్మేళనాల వల్ల వస్తుంది.

ఇక నేల చేసే పని. అందులో పెద్దది నీటి పంపకం. నల్లరేగడి నీటిని పట్టి ఉంచుతుందని, ఎర్ర చెలక తొందరగా ఆరిపోతుందని వ్యవసాయం చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. ద్రాక్షతోటలోనూ అదే లెక్క. కాయ రంగు తిరిగే దశకు ముందు నీటికి కాస్త కటకట ఏర్పడితే తీగ కొత్త కొమ్మలు వేయడం తగ్గిస్తుంది, కాయ చిన్నగా ఉండిపోతుంది. ఎర్ర వైన్‌కు రంగూ వగరూ ప్రధానంగా తొక్కలోంచే వస్తాయి. చిన్న కాయలో రసంతో పోలిస్తే తొక్క వాటా ఎక్కువ, అందుకే వైన్ చిక్కబడుతుంది. నీరు ధారాళంగా అందిన తీగ ఆకు మీద ఆకు వేసుకుంటూ పోతుంది, కాయ ఉబ్బుతుంది, వైన్ పలచబడుతుంది. ఫ్రాన్స్‌లో వైన్‌కు పేరున్న బోర్డో ప్రాంతపు నేలల మీద గెరార్ సెగాన్ అనే పరిశోధకుడు 20వ శతాబ్దం రెండో సగంలో చేసిన పని ఈ విషయంలో పునాది లాంటిది. పేరున్న తోటలన్నిటికీ ఉమ్మడిగా ఉన్న ఖనిజం ఏదీ ఆయనకు కనబడలేదు. వాటిలో ఉమ్మడిగా ఉన్నది నీరు వేళ్లకు అందే తీరు. బోర్డోలోనే ఉన్న మెడోక్‌లో గులకరాళ్ల నేల ఆ పని చేస్తే, పోమరోల్‌లో కొన్నిచోట్ల బంకమట్టి వేరే దారిలో అదే పని చేస్తుంది.

రెండోది వేడి. నల్లటి రాయి పగటి ఎండను మింగి చీకటి పడ్డాక వదులుతుంది. తడి బంకమట్టి వేసవి మొదట్లో ఆలస్యంగా వేడెక్కుతుంది. మూడోది పోషణ. నత్రజని ఎక్కువైతే తీగ విరగబడి పెరుగుతుంది. పొటాషియం ఎక్కువగా కాయలోకి చేరితే రసంలో పులుపు మొద్దుబారుతుంది.

ఇక్కడ ఒక తమాషా ఉంది. 19వ శతాబ్దంలో ఫిలోక్సెరా అనే పురుగు యూరప్ తోటల వేళ్లను తినేశాక, అక్కడి తీగలను అమెరికా జాతి వేళ్ల మీద అంటు కట్టడం మొదలైంది. ఇప్పటికీ ఎక్కువ తోటల్లో అదే పద్ధతి. అంటే ఫ్రాన్స్ నేలను తాకుతున్న వేరు చాలాచోట్ల ఫ్రెంచి ద్రాక్షది కానే కాదు. నేల గురించి ఎవరైనా మరీ కవిత్వం చెబుతుంటే ఈ విషయం గుర్తు చేయండి.

మొదటి అడుగు: సీసాల ఎంపిక

పని సగం ఇక్కడే అయిపోతుంది. చాలామంది ఇక్కడే చెడగొట్టుకుంటారు కూడా. ఫ్రాన్స్ నుంచి ఒకటి, చిలీ నుంచి ఒకటి, నాసిక్ నుంచి ఒకటి తెచ్చి నేలల తేడా చూద్దామంటే కుదరదు. ద్రాక్ష రకం, ఎండ, వాన, చేసిన మనిషి, వాడిన పీపా అన్నీ మారిపోయాయి. అందులో నేల వాటా ఎంతో చెప్పడం ఎవరి తరమూ కాదు. నేల తప్ప మిగతావన్నీ వీలైనంత ఒకేలా ఉండే సీసాలు కావాలి.

నా సలహా బోజొలే. ఫ్రాన్స్‌లో లియోన్ నగరానికి ఉత్తరాన ఉన్న ప్రాంతం ఇది. అక్కడి ఎర్ర వైన్లకు గామే అనే ఒకే ద్రాక్ష వాడతారు. ప్రాంతం ఉత్తర భాగంలో సొంత పేరుతో వైన్ అమ్ముకునే హక్కున్న చోట్లు పది ఉన్నాయి. వాటిని క్రూలంటారు. బ్రుయీ, కోట్ ద బ్రుయీ, రేన్యే, మోర్గోన్, షిరూబ్ల్, ఫ్లూరీ, మూలాన్ ఆ వాన్, షేనా, జూలియెనా, సాంత్ అమూర్. పక్కపక్కనే ఉంటాయి. ఒకే కుటుంబానికి మూడు నాలుగు క్రూల్లో తోటలుండటం, అన్నిటినీ ఒకే పద్ధతిలో వైన్ చేసి విడివిడిగా సీసాల్లో నింపడం అక్కడ మామూలే. మనకు కావలసింది సరిగ్గా అదే. పైగా పక్కనే ఉత్తరాన ఉన్న బర్గండీ ప్రాంతపు పెద్ద పేర్లతో పోలిస్తే ధర చాలా తక్కువ.

గామేకూ నేలకూ ఉన్న గొడవ పాతదే. 1395లో బర్గండీ డ్యూక్ ఫిలిప్ ఈ ద్రాక్షను ద్రోహి మొక్కగా తిట్టి, తన ఏలుబడిలో పీకేయమని ఆజ్ఞ ఇచ్చాడు. విరగకాస్తుంది గానీ వైన్ నాసిగా ఉంటుందని ఆయన ఫిర్యాదు. బర్గండీ సున్నపు నేలల మీద ఆ మాటలో కొంత నిజం ఉండొచ్చు. దక్షిణాన బోజొలే గ్రానైట్ మీద మాత్రం అదే ద్రాక్ష ఇల్లు దొరికినట్టు కుదురుకుంది. బోజొలేలో 2009 నుంచి దాదాపు పదేళ్లు వేల చోట్ల నేలను తవ్వి చూసి, మూడు వందలకు పైగా నేల రకాలను గుర్తించారు. కాబట్టి "బోజొలే అంటే గ్రానైట్" అనేది మొదటి పాఠం మాత్రమే.

ఈ మూడు తెచ్చుకోండి. ఒకటి ఫ్లూరీ. గులాబీ రంగు గ్రానైట్ శిథిలమై ఏర్పడిన ఇసుక నేల, చాలాచోట్ల లోతు తక్కువ. రెండు మోర్గోన్, అందులోనూ లేబుల్ మీద కోట్ దు పీ అని ఉన్నది. అది ఒక గుట్ట. అక్కడ నీలిరంగు రాయి పొరలు పొరలుగా విరిగి, ఇనుము తుప్పు పట్టి ఉంటుంది. ఊరివాళ్లు దాన్ని కుళ్లిన రాయి అంటారు. మూడు మూలాన్ ఆ వాన్. ఇదీ గ్రానైటే, ఫ్లూరీని ఆనుకునే ఉంటుంది. కానీ నేలలో మాంగనీస్ ఉంది. పక్కనున్న రోమనేష్‌లో మాంగనీస్ తవ్విన చరిత్ర కూడా ఉంది. ఆ ఖనిజం వల్ల తీగ కాపు తగ్గి వైన్ చిక్కబడుతుందని అక్కడివాళ్లు చెబుతారు. దీన్ని నమ్మకంగానే తీసుకోండి, రుజువుగా కాదు.

కొనేటప్పుడు చూసుకోవాల్సినవి: మూడు సీసాలూ ఒకే ఉత్పత్తిదారువి అయి ఉండాలి. సంవత్సరం ఒకటే కావాలి. మూడిటినీ ఒకే తరహా తొట్టిలో చేశారా, లేక ఒకదాన్ని మాత్రం కొత్త ఓక్ పీపాల్లో పెట్టారా అన్నది వాళ్ల వెబ్‌సైట్‌లో చూడండి. మూలాన్ ఆ వాన్‌ను పీపాలో పెట్టడం ఎక్కువ, అక్కడ జాగ్రత్త. ఓక్ తెచ్చే వనిల్లా, లవంగం వాసన కింద నేల సంగతి మునిగిపోతుంది. లేబుల్ మీద గామే అన్న మాట, కొన్నిసార్లు బోజొలే అన్న మాట కూడా పెద్దగా కనిపించకపోవచ్చు. క్రూ పేరు చెప్పి అడగండి.

నవంబర్ మూడో గురువారం విడుదలయ్యే బోజొలే నూవో ఈ పనికి పనికిరాదు. గుత్తులను చిదమకుండా కార్బన్ డయాక్సైడ్ నిండిన తొట్టిలో పెట్టి త్వరత్వరగా చేసే పద్ధతి వల్ల అరటిపండు, బబుల్‌గమ్ వాసన వస్తుంది. సరదాగా తాగడానికి బాగుంటుంది. అందులో కనిపించేది తయారీ పద్ధతే.

మూడు క్రూలు దొరకని ఊళ్లో ఉంటే రెండే తీసుకోండి, ఫ్లూరీ, మోర్గోన్. ఉత్పత్తిదారు వేరైతే మాత్రం ప్రయోగం మొదలుపెట్టకండి, దొరికేదాకా ఆగండి.

రెండో అడుగు: ఇల్లు, గ్లాసు, చల్లదనం

సాయంత్రం తాలింపు వేసిన వంటింటి పక్కన ఈ పని చేయకండి. అగరుబత్తి, సాంబ్రాణి, రూమ్ స్ప్రే, తలలో మల్లెలు, చేతికి రాసుకున్న క్రీము, ఇవన్నీ వైన్ కన్నా గట్టివి. తాగే ముందు గంటసేపు కాఫీ, పాన్, పళ్లు తోముకోవడం వద్దు. ఆవకాయ తిన్న నోటికి ఆ పూట వగరు, పులుపు లెక్కలు తేలవు. మధ్యమధ్యలో నోరు శుభ్రం చేసుకోవడానికి ఉప్పు లేని మరమరాలు, మంచినీళ్లు చాలు. చీజ్ పెట్టుకోవడం అందరికీ ఇష్టమే గానీ అది వగరును కప్పేస్తుంది. చివరికి ఉంచండి.

గ్లాసులు ఖరీదైనవి కానక్కర్లేదు. పైకి పోయేకొద్దీ సన్నబడే గ్లాసులు, అన్నీ ఒకే రకం, మనిషికి మూడు. కడిగాక సబ్బు వాసన లేకుండా చూడండి. తలా ఒక కాగితం కప్పు కూడా ఇవ్వండి. రుచి చూసి ఉమ్మేయడానికి. మొదట మొహమాటం ఉంటుంది, రెండో గ్లాసుకల్లా పోతుంది. ఉమ్మకపోతే మూడో గ్లాసుకల్లా మీ తీర్పు మత్తుది అవుతుంది.

చల్లదనం మీద కాస్త శ్రద్ధ పెట్టండి. ఎర్ర వైన్ గది వేడిలో తాగాలన్న మాట చలి దేశాల గదులకు చెప్పింది, మే నెల విజయవాడకు కాదు. బోజొలేకు 14 డిగ్రీల దగ్గర బాగుంటుంది. మూడు సీసాలనూ ఫ్రిజ్‌లో పెట్టి, తాగడానికి అరగంట, ముప్పావుగంట ముందు ఒకేసారి బయట పెట్టండి. ఒకేసారి అన్నది ముఖ్యం. చల్లగా ఉన్న వైన్‌లో వగరు గట్టిగా, వాసన తక్కువగా తెలుస్తుంది. రెండు సీసాల మధ్య నాలుగైదు డిగ్రీల తేడా ఉంటే మీరు నేలను కాదు, ఫ్రిజ్‌ను రుచి చూస్తున్నట్టు.

మూడో అడుగు: సీసాలకు ముసుగు

మూతలు తీసి, సీసాలను పాత న్యూస్‌పేపర్‌లో చుట్టి, 1, 2, 3 అని నెంబర్లు వేయండి. చుట్టిన మనిషి వేరు, వరస మార్చి నెంబరు వేసిన మనిషి వేరైతే ఎవరికీ ఏదేమిటో తెలియదు.

ఇంత అవసరమా అనిపిస్తే ఒక ప్రయోగం గురించి వినండి. 2001లో బోర్డోలో మోరో, బ్రోషే, దుబూర్దియూ అనే పరిశోధకులు ప్రచురించినది. వైన్ తయారీ చదువుతున్న 54 మందికి తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇచ్చారు. వాళ్లు ఆ వైన్ వాసనను ఎర్ర వైన్లకు వాడే మాటలతోనే వర్ణించారు. చదువుకున్నవాళ్ల ముక్కునే కన్ను అంత తేలిగ్గా లాక్కుపోతుంటే, "ఇది గ్రానైట్" అని ముందే తెలిసిన మన సంగతి చెప్పక్కర్లేదు.

నాలుగో అడుగు: రుచి చూడటం

ఒక్కో గ్లాసులో 50 మిల్లీలీటర్లు పోయండి. ఒక సీసాలో అలాంటివి 15 వస్తాయి. ఆరుగురికి పోశాక సగానికి పైగా మిగులుతుంది. అది తర్వాత కావాలి.

మొదటి విడత ముక్కుకే. మూడు గ్లాసులనూ వరసగా వాసన చూడండి, మాట్లాడకండి, ఒక్కోదానికి రెండు మూడు మాటలు రాసుకోండి. విదేశీ పుస్తకాల్లోని బ్లాక్‌కరెంట్, గూస్‌బెర్రీ కోసం తడుముకోవద్దు. మీరు తిని పెరిగినవే రాయండి. నేరేడు, దానిమ్మ, ఎండు ఖర్జూరం, గులాబీ రేకు, మిరియం, ఏది తోస్తే అది. ఈ కాగితం మీకోసమే. తర్వాత దాన్ని పక్కన పెట్టేయండి. వాసనల్లో నేల జాడ వెతకడం ఈ పనిలో కష్టమైన భాగం, మోసపోయే భాగం కూడా.

రెండో విడత అసలైనది. ఒక గుక్క నోట్లోకి తీసుకుని, పుక్కిలించినట్టు అటూ ఇటూ తిప్పి, ఉమ్మేసి, నాలుగు సంగతులు గమనించండి.

పులుపు: ఉమ్మేశాక తల కాస్త వంచి ఆగండి. నాలుక కింద, దవడల వెనక నీరు ఎంత ఊరుతోందో చూడండి. ఎంత ఎక్కువ ఊరితే పులుపు అంత. నోట్లో ఉన్నప్పుడు పుల్లగా ఉందా లేదా అని అడిగితే తియ్యదనం మోసం చేస్తుంది, ఊరే నీరు మోసం చేయదు.

వగరు: దీనికి మన నోరు ముందే తయారై ఉంది. నేరేడు తిన్నాక నాలుక బిగుసుకోవడం, పచ్చి జామ కొరికినప్పుడు చిగుళ్లు పట్టేయడం, వక్క నమిలాక బుగ్గ లోపల గరుకు, ఇవన్నీ టానిన్లు అనే వగరు పదార్థాల పనే. ఎంత వగరు అని మాత్రమే కాదు, ఎక్కడ పట్టింది, ఎలా పట్టింది అని రాయండి. నాలుక మీద సన్నటి పొడిలా ఉందా, చిగుళ్ల మీద గరుకుగా ఉందా? వెంటనే వచ్చి పోయిందా, ఉమ్మేశాక మెల్లగా పెరిగిందా? నా అనుభవంలో నేలల తేడా మొదట తెలిసేది ఇక్కడే. పూల వాసన ఉందా లేదా అని ఆరుగురు ఆరు రకాలుగా చెబుతారు గానీ, వగరు ఏ గ్లాసులో గరుకుగా ఉందంటే ఎక్కువసార్లు వేళ్లన్నీ ఒకే వైపు చూపిస్తాయి.

బరువు: నీళ్లలా జారిందా, నాలుక మీద మందంగా కూర్చుందా? ఇందులో ఆల్కహాల్ వాటా పెద్దది కాబట్టి ముసుగులు తీశాక మూడు లేబుళ్ల మీదా శాతం చూడండి. 12.5కీ 14కీ మధ్య తేడా ఉంటే ఆ బరువును నేల ఖాతాలో వేయకండి.

నిడివి: ఉమ్మేశాక రుచి ఎన్ని క్షణాలు నిలిచిందో మనసులో లెక్కపెట్టండి. చేదు, మంట లెక్కలోకి రావు, పండు రుచి ఉన్నంతసేపే.

ప్రతిదానికీ 1 నుంచి 5 దాకా మార్కు వేయండి. మూడు గ్లాసులూ అయ్యాక అదే పని వెనక నుంచి ముందుకు, 3, 2, 1 వరసలో మళ్లీ చేయండి. ఏది ముందు తాగాం, ఏది వెనక తాగాం అన్నదాన్ని బట్టి కూడా వగరు, పులుపు వేరుగా అనిపిస్తాయి. వరస తిరగేస్తే ఆ పక్షపాతం కొంత తగ్గుతుంది.

ముసుగులు తీయకముందు కింది పేరా చదవకండి.

సాధారణంగా కనిపించేది ఇది. ఫ్లూరీ మూడిట్లో తేలిక, వగరు సన్నగా, పట్టులా ఉంటుంది, వాసనలో పూలు. మోర్గోన్ మధ్యలో చిక్కగా ఉంటుంది, ముదురు పండు రుచి, వగరుకు ఒక గట్టిదనం. మూలాన్ ఆ వాన్ ముందు ముడుచుకుని ఉంటుంది, వగరు ఎక్కువ, నిడివి ఎక్కువ, గ్లాసులో అరగంట ఉన్నాక గానీ మాట్లాడదు. మీకు వేరేగా వస్తే మీది తప్పు అనుకోకండి. సంవత్సరం, చేసిన చేయి ఈ వరసను తారుమారు చేయగలవు. ఇంకో విషయం చూడండి. ఫ్లూరీ, మూలాన్ ఆ వాన్ రెండూ గ్రానైటే, పొరుగువే, కానీ తేడా తరచూ ఆ రెండిటి మధ్యే ఎక్కువగా వస్తుంది. రాయి పేరు ఒకటైనా దాని మీద మట్టి ఎంత లోతు, అందులో బంక ఎంత, వాలు ఎటు అన్నవి వేరు. తీగకు రాయి పేరు తెలియదు, వేరుకు అందిన నీరే తెలుసు.

ఐదో అడుగు: తేడా నిజమేనా?

మార్కులు వేయడం తేలిక, మనల్ని మనం నమ్మించుకోవడం ఇంకా తేలిక. అందుకే మూడు గ్లాసుల పరీక్ష ఒకటి చేయండి. బీరు, ఆహార కంపెనీల ల్యాబుల్లో రోజూ చేసేదే. రెండు వైన్లు తీసుకోండి, ఫ్లూరీ, మోర్గోన్ అనుకుందాం. ఒక్కో మనిషికి మూడు గ్లాసుల్లో 20 మిల్లీలీటర్ల చొప్పున, రెండిట్లో ఒకే వైన్, మూడోదాంట్లో వేరేది పోయండి. వరస ఒక్కొక్కరికీ మార్చండి. వేరేది ఏదో చెప్పమనండి. అంతే. బాగుందా లేదా అని అడగొద్దు.

గుడ్డిగా చెప్పినా మూడింట ఒక వంతు సరిపోతుంది. ఆరుగురిలో ఐదుగురో ఆరుగురో పట్టుకున్నారంటే, అది గుడ్డి అదృష్టంతో జరిగే అవకాశం 2 శాతం లోపే. నలుగురు పట్టుకుంటే సంతోషించొచ్చు గానీ, నలుగురో అంతకన్నా ఎక్కువమందో గుడ్డిగా సరిపోయే అవకాశం 10 శాతం దాకా ఉంటుంది. ఇద్దరే పట్టుకుంటే నేల గురించి ఆ రాత్రి ఇక మాట్లాడకుండా మిగతా వైన్ తాగడం మంచిది.

ఆరో అడుగు: నేల కానివి తీసేయడం

తేడా ఉందని తేలింది. అది నేలదేనా? ఉత్పత్తిదారు వెబ్‌సైట్‌లోనో, దుకాణంవాళ్లు ఇచ్చే కాగితంలోనో మూడు తోటల వివరాలు వెతకండి. తీగల వయసు ఎంత? ఒకటి 20 ఏళ్లది, ఇంకొకటి 80 ఏళ్లదైతే ఆ తేడా పెద్దదే. తోట ఎంత ఎత్తులో ఉంది, వాలు ఎటు తిరిగి ఉంది, ఎప్పుడు కోశారు, కాడలతో సహా పులియబెట్టారా, ఎన్ని రోజులు తొక్కతో ఉంచారు? వీటిలో ఏది బాగా వేరుగా ఉన్నా మీ కాగితం మీద "నేల" అన్న చోట ప్రశ్నార్థకం పెట్టండి. ఇదంతా చూశాక చాలాసార్లు మిగిలేది "ఈ చోటి వైన్ ఇలా ఉంటుంది" అన్న మాట. అందులో నేల ఒక వాటాదారు. అంతకు మించి గ్లాసు చూసి చెప్పగలమనేవాళ్లను నేను నమ్మను.

చోటికీ నేలకూ తేడా చెప్పే మంచి ఉదాహరణ ఆస్ట్రేలియాలో ఉంది. అక్కడి కొన్ని ఎర్ర వైన్లలో నీలగిరి తైలం వాసన వస్తుంది. చాలాకాలం దాన్ని నేల గుణం అనుకున్నవాళ్లున్నారు. పరిశోధిస్తే పక్కనున్న యూకలిప్టస్ చెట్ల నుంచి తైలం, ఆకులు గుత్తుల మీదికి చేరడం వల్ల అని తేలింది.

తర్వాతి జతలు

బోజొలే కుదిరాక తెల్ల వైన్‌కు వెళ్లండి. వగరు లెక్క పోయి పులుపు లెక్క ముందుకొస్తుంది. బర్గండీ ఉత్తర కొసన ఉన్న షాబ్లీలో ఒకే ఉత్పత్తిదారు చేసిన పెటీ షాబ్లీ, షాబ్లీ రెండూ తీసుకోండి. రెండూ షార్డొనే ద్రాక్షే. స్టీలు తొట్టిలో చేసినవైతే మంచిది. షాబ్లీ వాలుల్లో ఎక్కువగా ఉండేది కిమ్మెరిడ్జియన్ అనే సున్నం, బంక కలిసిన నేల, దాదాపు 15 కోట్ల ఏళ్ల నాటిది. చేతిలోకి తీసుకుంటే చిన్న చిన్న ఆల్చిప్పల శిలాజాలు కనిపిస్తాయి. పెటీ షాబ్లీ ఎక్కువగా పైన పీఠభూమి మీద, కాస్త తర్వాతి కాలపు గట్టి సున్నపురాయి మీద పండుతుంది. షాబ్లీలో పులుపు వెంట ఒక బరువు, నిడివి ఉంటాయి. పెటీ షాబ్లీ సూటిగా వచ్చి తొందరగా వెళ్లిపోతుంది. అయితే పీఠభూమి మీద గాలి ఎక్కువ, చలి ఎక్కువ. ఇక్కడా ప్రశ్నార్థకం తప్పదు. షాబ్లీలో ఆల్చిప్పల రుచి వస్తుందని ఎవరైనా అంటే, వాళ్లు శిలాజం ఫోటో ముందు చూసి ఉంటారు.

జర్మనీలోని మోజెల్ నది ఒడ్డున రీస్లింగ్ అనే తెల్ల ద్రాక్ష పండే వాలులు పలకరాయివి. మన మార్కాపురం పలకల జాతి రాయి. వేలెన్ ఊరి జోనెన్ ఉహ్ర్ తోటలో నీలి పలకరాయి, కొద్ది కిలోమీటర్ల దూరంలో ఉర్జిగ్ ఊరి వుర్జ్‌గార్టెన్‌లో ఎర్రటి నేల, అందులో అగ్నిపర్వత శిల. రెండు తోటల నుంచీ వైన్ చేసే ఉత్పత్తిదారులున్నారు. లేబుల్ మీద కాబినెట్ అని ఉండే తేలిక రకం సీసాలు, ఒకే సంవత్సరానివి తీసుకోండి. ఒక హెచ్చరిక ఏమిటంటే, పాత రీస్లింగ్‌లో వచ్చే కిరోసిన్ వాసనను పలకరాయి వాసన అనుకోవద్దు. ఎండ బాగా తగిలిన కాయల్లో పుట్టి, సీసాలో ఏళ్లు గడిచేకొద్దీ పెరిగే సమ్మేళనం అది.

కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లు నాపాలో ఒకే వైనరీ కాబెర్నే అనే నల్ల ద్రాక్షతో చేసిన కొండ వైన్, లోయ వైన్ పక్కపక్కన పెట్టించుకోవచ్చు. కొండ మీది పలుచని నేలకు, లోయలోని ఒండ్రు నేలకు వగరులో తేడా గట్టిగానే తెలుస్తుంది. కానీ పొద్దున పొగమంచు కొండ దాకా రాదు, లోయలో ఉంటుంది. ఆ వాటా తీసేసి చూడాలి.

మన దేశం సంగతికొస్తే, నాసిక్ చుట్టూ దక్కన్ లావా రాయి, బెంగళూరు దగ్గర నంది కొండల కింద గ్రానైట్ జాతి రాయి మీద ఎర్రనేల. కాగితం మీద అద్భుతమైన జత. మొదటిది ఆదిలాబాద్ నల్లరేగడికి చుట్టం, రెండోది మహబూబ్‌నగర్ చెలకకు. కానీ గ్లాసులో ఈ పోలిక నిలవదు. ఎత్తు వేరు, వానలు వేరు, కంపెనీలు కూడా చాలావరకు వేరు. అన్నిటికన్నా ముఖ్యం, ఇక్కడి తోటలు డ్రిప్ మీద నడుస్తాయి. నీటిని పంచే పని నేల చేతిలోంచి రైతు చేతిలోకి వచ్చేసింది. ఫ్రాన్స్‌లో పేరున్న ప్రాంతాల్లో తోటకు నీరు పెట్టడం మీద కఠినమైన ఆంక్షలున్నాయి కాబట్టే అక్కడ నేల గొంతు కాస్త గట్టిగా వినిపిస్తుంది.

అయినా నాసిక్ వెళ్తే వైన్ గదిలోనే ఆగిపోకండి, తోటలోకి తీసుకెళ్లమనండి. రెండు అడుగులు అడ్డంగా నడిస్తే ఒకే తోటలో మట్టి రంగు మారడం కనిపిస్తుంది. తోట చూసుకునే మనిషిని మూడు ప్రశ్నలు అడగండి. కాయ రంగు తిరిగే ముందు డ్రిప్ ఎన్ని రోజులు ఆపుతారు? ఏ వేరు మీద అంటు కట్టారు? తోటలో ఏ మడి కాయ ముందు పండుతుంది, ఏది వెనక? మూడోదానికి ఆయన చెయ్యెత్తి ఒక మూల చూపిస్తే, ఆ మడి వైన్, పక్క మడి వైన్ ఇంకా కలపకుండా తొట్టుల్లో విడిగా ఉన్నాయేమో కనుక్కోండి. కోతలు జనవరి నుంచి మార్చి దాకా సాగుతాయి కాబట్టి ఆ తర్వాత వెళ్తే దొరికే అవకాశం ఎక్కువ. చిన్న వైనరీలు అడిగితే తొట్టిలోంచి నేరుగా పోసి ఇస్తాయి. ఒకే తోట, ఒకే డ్రిప్పు, ఒకే చేయి, రెండు మట్టులు. బోజొలే సీసాల కన్నా శుభ్రమైన పోలిక అది.